కాగితం మీద 16/10 వేరు, ముక్కు మీద 16/10 వేరు

నాకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు ఉంది, అందుకని ముక్కుకి మాస్క్‌తో గాలి తోసే మెషీన్ పెట్టుకుని పడుకుంటా. ఒకరోజు రాత్రి మాస్క్ తగిలించుకుని మెషీన్ ఆన్ చేయగానే చిన్న తెర మీద ఒక మెసేజ్ వచ్చింది, మోటార్ ఆయుష్షు దాటిపోయింది, మీకు మెషీన్ ఇచ్చినవాళ్లని కలవండి అని. ఓకే నొక్కితే పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కా. అలా ఒక నెల్లాళ్లు రోజూ ఇదే తంతు, అది పోతున్నానని చెప్పడం, నేను సరేలే ముందు పని చూడు అనడం. నిజానికి ఆ మెసేజ్ వచ్చినంత మాత్రాన మెషీన్ ఆ రాత్రే ఆగిపోదు, లోపలి మోటార్ కంపెనీ లెక్కగట్టిన గంటల కన్నా ఎక్కువ తిరిగేసిందని అర్థం, అంతే. నాకు అసలు భయం పుట్టింది మెసేజ్‌తో కాదు, చప్పుడుతో. ఏళ్ల తరబడి చెవి పక్కనే పెట్టుకుని పడుకునేవాడికి దాని చప్పుడు సొంత ఊపిరంత తెలుసు కదా, నేను పీల్చినప్పుడల్లా పైకి లేచే ఆ సన్నటి ఈల ఈమధ్య చివర్లో ఒక గరగరతో ఆగుతోంది. మా ఆవిడ పక్కకి తిరిగి "ఏంటండీ, ఇప్పుడు దీనికి కూడా గురక మొదలైందా" అంది.

సరే, కొత్తది తీసుకోవాలి. డాక్టర్ గారు ఎప్పుడో రాసిచ్చిన కాగితం నా దగ్గరే ఉంది, అందులో ఒకే ఒక్క ముక్క, బైలెవెల్ 16/10. అంటే పీల్చేటప్పుడు 16, వదిలేటప్పుడు 10, సెంటీమీటర్ల నీటి ఒత్తిడి లెక్కలో. దీన్ని నేను కళ్లజోడు పవర్ లాంటిది అనుకున్నా. ఫ్రేము ఏదైనా, చేసేవాడు ఎవడైనా నంబర్ చెప్తే అద్దం అదే వస్తుంది కదా, ఇదీ అంతే, 16/10 ఇవ్వగల మెషీన్ ఏదో ఒకటి, అందులో కాస్త కొత్తది, కాస్త చప్పుడు తక్కువది చూసుకుంటే పనైపోతుంది అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డా. మూడు మెషీన్లు మార్చి రెండు నెలల నిద్ర తగలేసుకున్నాక తెలిసింది, ఆ రెండు నంబర్లు మెషీన్ ఎంత గట్టిగా తోయాలో చెప్తాయి తప్ప ఎప్పుడు తోయాలో, ఎప్పుడు వదిలేయాలో చెప్పవు. బైలెవెల్ వాడేవాడి సుఖమంతా ఆ 'ఎప్పుడు'లోనే ఉంది. అందుకే నేను అందరితో వాదించేది ఒకటే, పాత బైలెవెల్ మార్చేటప్పుడు ఫీచర్లు, మోడల్ ఏ సంవత్సరంది, తెర ఎంత పెద్దది అన్నవి తర్వాత చూసుకోవచ్చు, ముందు అది మీ ఊపిరితో అడుగు కలుపుతుందా లేదా చూడండి. అది బ్రోషర్‌లో కనపడదు, షాపులో కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు పీల్చి చూసినా తెలీదు, కనీసం వారం పది రోజులు దాంతో పడుకోవాలి.

ఒకటే ప్రెషర్ ఇచ్చే మామూలు సీపాప్ మెషీన్‌కి ఈ గొడవ ఇంతగా ఉండదు. 1980లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటార్‌ని తిరగేసి వాడి మొదలుపెట్టిన సంగతి ఇది, 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఐడియా చాలా సాదా, నిద్రలో గొంతు మూసుకుపోతోంది కాబట్టి గాలి ఒత్తిడితో లోపల్నుంచి తెరిచి ఉంచడం. రాత్రంతా ఒకటే ప్రెషర్, నువ్వు పీలుస్తున్నావా వదులుతున్నావా అని మెషీన్ పట్టించుకోనక్కర్లేదు. కాకపోతే ప్రెషర్ బాగా ఎక్కువ కావాల్సిన వాళ్లకి ఊపిరి వదలడం ఎదురుగాలిలో సైకిల్ తొక్కినట్టు ఉంటుంది, కొందరికి ఆ గాలి కడుపులోకి దిగి తెల్లారేసరికి పొట్ట డప్పులా ఉంటుంది, నేనూ ఆ బాపతే. 1990లో శాండర్స్, కెర్న్ అనే ఇద్దరు పీల్చే ప్రెషర్‌ని, వదిలే ప్రెషర్‌ని విడదీసి ఎవరికి ఎంత కావాలో అంత పెట్టొచ్చని, వదిలేటప్పుడు తక్కువ పెట్టినా గొంతు నిలబడుతుందని చూపించారు. అలా వచ్చిందే బైలెవెల్. బైపాప్ అన్నది నిజానికి రెస్పిరానిక్స్ కంపెనీ పెట్టుకున్న పేరు, ఆ కంపెనీ తర్వాత ఫిలిప్స్ చేతికి వెళ్లింది, కానీ ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టు మనం అన్నిటినీ బైపాప్ అనేస్తాం. కాబట్టి ఎవరైనా "నాది బైపాప్" అంటే అది ఏ కంపెనీదో, ఏ రకమో మీకేమీ తెలిసినట్టు కాదు.

మొదటి మెషీన్ ట్రయల్‌కి ఇచ్చిన కుర్రాడు మంచివాడే పాపం. "సార్, మీ 16/10 పెట్టేశా, అంతా సేమ్, పైగా లేటెస్ట్ మోడల్" అన్నాడు. రాత్రి మాస్క్ పెట్టుకుని లైటార్పా. పాతదైతే నేను ఛాతీ కదిపీ కదపకముందే వచ్చి భుజం కింద చెయ్యేసి లేపినట్టు గాలి ఇచ్చేది. ఇది ఒక్క క్షణం ఆలోచించుకుని, ఓ పీలుస్తున్నావా, సరే అన్నట్టు ఆలస్యంగా వచ్చింది. పోనీలే అని పీలుస్తూ ఉన్నా, నాకింకా పావు వంతు గాలి కావాల్సి ఉండగానే టప్పున వదిలేసింది, నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు. ఇంకా పీల్చాలో వదలాలో తెలీక ఛాతీ మధ్యలో ఆగింది, ఆ తికమకలో నేను మిగతాది పీల్చుకోబోతే దాన్ని అది కొత్త ఊపిరి అనుకుని మళ్లీ 16కి లేచింది, సరిగ్గా అప్పుడే నేను వదలడం మొదలుపెట్టా. మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని గట్టిగా నేల మీద కాలేస్తే ఒళ్లంతా ఎలా ఝల్లుమంటుందో అలా. ఒక్కసారి అయితే పర్లేదండీ. మనిషి నిమిషానికి 12 నుంచి 15 సార్లు ఊపిరి తీస్తాడనుకుంటే ఎనిమిది గంటల్లో ఎన్ని అవుతాయో లెక్కేయండి, దాదాపు ఆరు నుంచి ఏడు వేలు. అందులో పదో వంతు తప్పినా ఆరేడు వందల సార్లు ఎవరో భుజం తట్టి లేపినట్టే.

ఇది ఎందుకైందో తర్వాత కూర్చుని తెలుసుకున్నా. మెషీన్‌కి మన ఛాతీ కనపడదు, ట్యూబులో గాలి ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నది మాత్రమే తెలుస్తుంది. గాలి లోపలికి ఎంత కదిలితే పీల్చడం మొదలైందని నమ్మాలి అన్నది ట్రిగ్గర్. పీల్చే గాలి జోరు మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది కదా, ఎంతకి తగ్గితే ఇక చాలు అనుకుని కింది ప్రెషర్‌కి దిగాలి అన్నది సైకిల్, మామూలుగా జోరు పైకి వెళ్లినంత వెళ్లి నాలుగో వంతుకి పడ్డాక దిగేటట్టు పెడతారు. వీటి మీద ఇంకో కాపలా, టీఐ మ్యాక్స్ అని, ఏం జరిగినా ఇన్ని సెకన్లకి మించి పై ప్రెషర్ పట్టుకోకు అని. ఇది ఎందుకంటే మాస్క్ లీకైతే గాలి బయటికి పోతూనే ఉంటుంది, మెషీన్ అది నువ్వు పీలుస్తున్నావనుకుని పైనే ఉండిపోతుంది, నువ్వు వదల్లేక గింజుకుంటావు, అందుకని ఒక గడువు. ఆ ట్రయల్ మెషీన్‌లో ఆ గడువు ఫ్యాక్టరీలో పెట్టిన 2 సెకన్ల దగ్గరే ఉంది. నేనేమో నిదానంగా పీల్చే మనిషిని, నిద్రలో నిమిషానికి పది పదకొండే తీస్తా, ఒక్కో పీల్పు రెండు సెకన్లు దాటుతుంది. ఇంకేముంది, ప్రతి ఊపిరికీ నా తోక కత్తిరించడమే దాని పని.

దీంట్లో మెలిక ఏంటంటే ఈ సెట్టింగులు కంపెనీ కంపెనీకి ఒకలా ఉండవు. ఫిలిప్స్ మెషీన్లలో ఆటో-ట్రాక్ అని ఒకటి ఉంటుంది, ట్రిగ్గర్, సైకిల్ రెండూ అదే చూసుకుంటుంది, ఊపిరి ఊపిరికీ సర్దుకుంటూ పోతుంది. రెస్మెడ్ అనే ఇంకో కంపెనీ ఎయిర్‌కర్వ్ లాంటి వాటిలో వెరీ లో నుంచి వెరీ హై దాకా ఐదు మెట్లు ఇచ్చి మీరే పెట్టుకోండి అంటారు. ఏది గొప్ప అని నన్నడగొద్దు, నాకు తెలిసినవాళ్లలో ఒకాయనకి ఆటోమేటిక్కే హాయి, ఇంకొకాయన ఐదు మెట్లలో తనకి కుదిరిన మెట్టు దొరికాక ఇక ఎవరి మాటా వినడు. కానీ దానంతటది సర్దుకునే దాని మీద ఏళ్లుగా పడుకున్నవాణ్ణి తీసుకొచ్చి ఐదు మెట్ల దాని మీద పడుకోబెట్టి, మెట్లన్నీ ఫ్యాక్టరీలో ఎలా వచ్చాయో అలాగే వదిలేసి, ప్రెషర్ నంబర్లు మాత్రం రెండూ ఎక్కించి అంతా సేమ్ అంటే ఎలా?

ప్రెషర్‌ని దానంతటదే మార్చుకునే ఆటో బైలెవెల్ వాళ్లకి ఇంకో గుంట కూడా ఉంది. రెస్మెడ్ వీఆటో అనే మోడల్‌లో పై ప్రెషర్‌కీ కింది ప్రెషర్‌కీ మధ్య తేడా, దాన్ని ప్రెషర్ సపోర్ట్ అంటారు, మీరు ఎంత పెడితే అంతే, రాత్రంతా రెండూ కలిసి లిఫ్టులా పైకి కిందకి కదుల్తాయి. ఫిలిప్స్ ఆటోలో ఆ తేడాకే ఒక కనీసం, ఒక గరిష్ఠం ఉంటాయి, రెండు ప్రెషర్లూ వేరువేరుగా కదలొచ్చు. అంటే ఒకదాంట్లో రాసిన కాగితం రెండోదాంట్లోకి ఉన్నదున్నట్టు ఎక్కనే ఎక్కదు, ఎవరో ఒకరు మధ్యలో ఆలోచించి మార్చి రాయాలి, ఆ ఎవరో ఒకరు చాలాసార్లు డాక్టర్ కాదు, మెషీన్ డెలివరీకి వచ్చిన కుర్రాడు. ఈ తేడా ఊరికే సుఖం సంగతి కూడా కాదు, ప్రెషర్ సపోర్ట్ అవసరం కన్నా ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువ బయటికి పోతుంది, అది తగ్గితే మెదడు ఇప్పుడు ఊపిరి తీయాల్సిన పని లేదులే అని కాసేపు ఊరుకుంటుంది. గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరే రాదు. సెంట్రల్ ఆప్నియా అంటే అదే. గొంతు మూసుకుపోయే జబ్బుకి మందు తెచ్చుకుని ఊపిరి మర్చిపోయే జబ్బు కొని తెచ్చుకున్నట్టు.

వారం తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు, "సార్ రిపోర్ట్ చూశా, ఏహెచ్‌ఐ 1.8, సూపర్‌గా పనిచేస్తోంది, ఫైనల్ చేసేద్దామా". ఈ ఒక్క నంబర్ మీద నాకు చాలా కోపం. ఏహెచ్‌ఐ అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు బాగా తగ్గింది అని, ఒక్కోటి కనీసం పది సెకన్లు ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఐదు లోపు మామూలు, 5 నుంచి 15 తక్కువ, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. మొదటిసారి జబ్బు కనిపెట్టడానికి అది మంచి కొలతే, కాదనను. కానీ ఇక్కడ నా గొంతు తెరిచే ఉంది, 16/10 ఆ పని చేస్తూనే ఉంది, మరి నేను రాత్రంతా మెషీన్‌తో కుస్తీ పట్టి మేలుకుంటే అది ఏహెచ్‌ఐలో ఎక్కడ కనపడుతుంది? మెషీన్‌కి నేను నిద్రపోతున్నానో లేదో కూడా తెలీదు, మాస్క్ పెట్టుకుని పైకప్పు చూస్తూ గడిపిన రెండు గంటలని కూడా కలిపి భాగించి 1.8 అంటుంది. మేలుకుని ఉన్నవాడి ఏహెచ్‌ఐ బాగుండక ఏం చేస్తుంది! పైగా ఏది ఊపిరి తగ్గడం కిందకి వస్తుందో ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాత మెషీన్ 2.5 కన్నా కొత్త మెషీన్ 1.8 మెరుగు అనుకోవడానికి కూడా లేదు. లీక్ కూడా అంతే, రెస్మెడ్ చూపించేది అనవసరంగా పోయిన గాలి మాత్రమే, నిమిషానికి 24 లీటర్లు దాటితే జాగ్రత్త అంటారు, ఫిలిప్స్ మాత్రం మాస్క్ రంధ్రాల్లోంచి కావాలని పంపించే గాలిని కూడా కలిపి మొత్తం చూపిస్తుంది. ఒకదానిలో 10, ఇంకోదానిలో 35 చూసి మాస్క్ పాడైందని మార్చేసిన వాళ్లు ఉన్నారు, మాస్క్ శుభ్రంగానే ఉంది.

అందుకని నేను పట్టుబట్టే రెండో విషయం, ఊపిరి ఊపిరికీ గీత గీసి కార్డులో దాచే మెషీన్ అయితేనే తీసుకోవాలి. ఫోన్ యాప్‌లో నవ్వుతున్న బొమ్మ, వందకి 94 మార్కులు, ఇవన్నీ మనం రోజూ వాడేలా బుజ్జగించడానికి, వాటిని తిట్టను, మొదట్లో నాకూ ఉత్సాహం ఇచ్చాయి. కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు పనికొచ్చేది ఎస్‌డీ కార్డు. ఆస్కార్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అంతకుముందు స్లీపీహెడ్ అని ఉండేది, దాన్నుంచి పుట్టిందే ఇది, కార్డు పెట్టి తెరిస్తే రాత్రి 2 గంటల 14 నిమిషాల దగ్గర మీరు తీసిన ఒక్కొక్క ఊపిరి కనపడుతుంది. నా గీత చూస్తే నాకే జాలేసింది, నున్నగా గుండ్రంగా ఉండాల్సిన కొండ కుడి వైపు కత్తితో నరికినట్టు నిట్టనిలువుగా పడిపోయి, దాని పక్కనే చిన్న పిల్ల కొండ, అంటే నేను మిగతా పావు వంతు కోసం మళ్లీ పీల్చడం. ఆ ఒక్క బొమ్మ ప్రింట్ తీసుకెళ్లి డాక్టర్ గారి ముందు పెడితే రెండు నిమిషాల్లో అర్థమైంది ఆయనకి. అంతకుముందు రెండుసార్లు ఇబ్బందిగా ఉంది సార్ అని నోటితో చెప్తే కొత్త కదా, అలవాటవుతుంది అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన ముందున్నది 1.8 అన్న నంబరే మరి. సెట్టింగుల మెనూలోకి వెళ్లే దొంగదారి అందరికీ తెలిసిందే, నేనూ వెళ్లా, చూశా, కానీ చెయ్యి పెట్టలేదు. ఆ గడువు మరీ వదులు చేస్తే లీకైనప్పుడు ఏమవుతుందో పైన చెప్పా కదా.

ఇంకో మాట, అసలు మళ్లీ బైలెవెలే కావాలా అన్నది కూడా ఒకసారి అడిగి చూడాలి, నేను అడిగా. రెస్మెడ్ ఆటోసెట్ అనే మామూలు సీపాప్ రకంలో ఈపీఆర్ అని ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ని మూడు దాకా తగ్గించేది ఉంటుంది, దాని పై హద్దు 20. ఎవరికైనా తేడా మూడే చాలు, ప్రెషర్ కూడా 20 లోపే అంటే డాక్టర్ సరేనంటే దాంతో గడిచిపోవచ్చు. నాకు తేడా ఆరు, కాబట్టి కుదరలేదు. బైలెవెల్ అయితే 25 దాకా వెళ్తాయి. అలాగే ఎక్కువ ఫీచర్లు ఉన్నది తీసుకుంటే మంచిదే కదా అని ఎస్‌టీ అనో, ఏఎస్‌వీ అనో పైరకానికి ఎగబాకడం ఇక్కడ పనికిరాదు. ఎస్‌టీ అంటే మనం ఊపిరి తీయకపోతే అదే ఒక వేగంతో ఇస్తుంది, అది వేరే అవసరం. ఏఎస్‌వీ అయితే ఊపిరి ఊపిరికీ సపోర్ట్‌ని మార్చుకుంటూ పోతుంది, కొందరికి అది వరమే, కానీ 2015లో సర్వ్-హెచ్‌ఎఫ్ అనే పెద్ద ట్రయల్‌లో గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి సెంట్రల్ ఆప్నియా ఎక్కువగా ఉన్నవాళ్లలో ఇది వాడినవాళ్లకే గుండె జబ్బు మరణాలు ఎక్కువని తేలింది. మేలు చేస్తుందనుకుని పెట్టిన ట్రయల్ అది. కాబట్టి టీవీ కొన్నట్టు పై మోడల్‌కి వెళ్దాం అనే బేరం ఇక్కడ వద్దు.

సెకండ్ హ్యాండ్ గురించి చాలామంది అడుగుతారు. నేను తీసుకోలేదు, కారణం 2021 జూన్. ఫిలిప్స్ తన మెషీన్లని లక్షల్లో వెనక్కి పిలిచింది, చప్పుడు తగ్గడానికి లోపల పెట్టిన పాలియురిథేన్ ఫోమ్ పొడి పొడిగా రాలి గాలిదారిలోకి రావచ్చని, వేడి, తేమ ఉన్నచోట అది ఇంకా త్వరగా పాడవుతుందని, ఓజోన్‌తో శుభ్రం చేసే డబ్బాలు వాడితే మరీనూ. తర్వాత బాగుచేసి ఇచ్చిన డ్రీమ్‌స్టేషన్ మోడల్ మెషీన్లలో సిలికోన్ ఫోమ్ పెట్టారు, 2024లో అమెరికాలో కొత్త స్లీప్ మెషీన్ల అమ్మకమే ఆపుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరో వాడి అమ్ముతున్నది వెనక్కి పిలిచిన వాటిలోదా, బాగుచేసిందా అన్నది సీరియల్ నంబర్ చూసుకోకుండా తెలీదు, అమ్మేవాడికి ఎన్ని గంటలు తిరిగిందో కూడా చాలాసార్లు తెలీదు, మెనూలో చూపించమంటే చూపిస్తుంది. ఓజోన్ డబ్బా మాత్రం ఏ మెషీన్‌కైనా నేను దండం పెట్టి వద్దంటా, గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు.

చిన్న చిన్నవి కొన్ని. పాత మాస్క్ చాలావరకు కొత్తదానికీ పడుతుంది, కనెక్షన్ 22 మిల్లీమీటర్లే, కానీ వేడి ట్యూబు, వాటర్ ట్యాంకు మాత్రం దేనిది దానికే. కరెంటు పోతే బ్యాటరీ మీద నడపాలనుకునేవాళ్లు వోల్టు చూసుకోవాలి, కొన్ని 12 మీద నేరుగా నడుస్తాయి, కొన్నిటికి 24 కావాలి, మధ్యలో కన్వర్టర్ లేకపోతే మీ బ్యాటరీ అలంకారమే. తెర గురించి అయితే నాకు ముసలి చాదస్తం అనుకోండి, రాత్రి రెండింటికి కళ్లజోడు లేకుండా చీకట్లో చెయ్యి చాపి తడిమితే దొరికే గుండ్రటి బటన్ ముందు ఏ టచ్ స్క్రీనూ నిలబడదు, ర్యాంప్, అంటే ప్రెషర్‌ని మెల్లగా పెంచే బటన్, కోసం వెతుకుతూ ఆ వెలుతురు కళ్లలో పడితే ఉన్న నిద్ర కూడా పోతుంది.

రెండో ట్రయల్ మెషీన్ గురించి చెప్పడానికేం లేదు, రెండు రాత్రుల్లో వెనక్కిచ్చేశా, పేరెందుకులెండి, కార్డులో వివరంగా గీత గీయదు దాంట్లో. మూడోది అంటే నిజానికి మొదటిదే, అదే మోడల్, ఈసారి డాక్టర్ గారు ప్రింట్ చూసి టీఐ మ్యాక్స్ 2.8 చేసి, ట్రిగ్గర్ ఒక మెట్టు పెంచి హై పెట్టారు. ప్రెషర్లు అవే 16/10, ఒక్క పాయింట్ కూడా మారలేదు. మొదటి రాత్రి కాదు, నాలుగో రాత్రికి అనుకుంటా, మాస్క్ పెట్టుకున్నది గుర్తుంది, ఆ తర్వాత గుర్తున్నది తెల్లారడమే. ఏహెచ్‌ఐ చూస్తే 2.3. అంటే ఆ కుర్రాడి లెక్క ప్రకారం నాకు జబ్బు పెరిగింది.

పాతదాన్ని పారేయలేదు, మంచం కింద ఉంది, ఎప్పుడైనా ఇది మొరాయిస్తే గరగరతో అయినా ఒక రాత్రి గడిపిస్తుంది. డాక్టర్ గారి చేత కొత్త కాగితం మాత్రం రాయించుకున్నా, ఈసారి 16/10 కింద ఇంకో రెండు లైన్లు, టీఐ మ్యాక్స్ ఎంత, ట్రిగ్గర్ ఏది, సైకిల్ ఏది, మెషీన్ మోడల్ పేరుతో సహా. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఒక కాపీ మడతపెట్టి మెషీన్ సంచిలో ఫిల్టర్ల పక్కన పెట్టా.